గాటు

కాటేదాన్ ధరమ్ కాంటా నుంచి
బాలామణి తెచ్చింది
పాత చీరముక్కల చుట్టి, జానెడు పచ్చకార్డు.
పిడుగు పడ్డ రాత్రి మదర్‌బోర్డు పోయిందట,
ఇది మాత్రం బతికిందట.
"బతికిందని నీకెట్ల తెలుసు?" అన్న.
"తెల్వకనే గద వచ్చిన" అన్నది.

చెనాయ్ ట్రేడ్ సెంటర్ల రెండో అంతస్తు,
లిఫ్టు పక్కన నా కొట్టు.
ఇద్దరు నిలబడితే మూడోమనిషి మెట్ల మీదనే.

కార్డును లైటుకు పట్టిన.
బంగారు పండ్లు నల్లబడ్డయి.
పెన్సిలు రబ్బరుతోని రుద్దుతుంటే
ఇరవై ఏండ్ల దుమ్ము టేబుల్ మీద రాలింది,
ఎన్ని లారీల సున్నమో, ఎంత ఇనుప తుక్కో
బరువు చెప్పి పంపినంక మిగిలిన పొడి.

పండ్ల నడుమ ఒక గాటు.
మస్తాన్ ఉస్తాద్ అనేటోడు:
"గాటు చూడు బేటా, జోరు చెయ్యకు.
అది విరిగిన జాగ కాదు.
ఇన్ని వోల్టులే తట్టుకుంట అని
పుట్టినప్పుడే చెప్పుకున్న మాట."
ఒక్కసారి ఇనలేదు నేను.
ఆకురాయితోని గాటు పెద్దగ చేసి నొక్కిన.
ఎవరిదో డాక్టరమ్మ ఈసీజీ కార్డు.
ఆ పొగ వాసనకు ఉస్తాద్ తిట్టలేదు,
ఫ్యాను తిప్పి, చాయ్ తెప్పించి,
సాయంత్రం దాక నాతోని మాట్లాడలేదు.

కొత్త బోర్డు డబ్బా కోసిన.
నల్లగ, సోకుగ, అంచులకు రంగురంగుల లైట్లు,
బరాత్ గుర్రం లెక్క.
పొడుగు స్లాటొకటి, పొట్టియి రెండు,
మా పచ్చదానికి మాత్రం చోటు లేదు.
దీంట్ల ముప్పై రెండు మాటలు
బడి ఇడిచిన పోరగాండ్ల తీరు
ఒక్కపాలే బయటికొస్తయి.
దాంట్ల ఒకదానెనక ఒకటి, వరుస తప్పకుండ,
కానీ ఏం ఉరుకుడు!

నడుమ దుబాసి కావాలె.
ఎదురుకొట్టు జిగ్నేష్ దగ్గర దొరికింది,
గోరంత చిప్పున్న బ్రిడ్జి కార్డు.
పదమూడు వందలు, వాపస్ లేదు.
దుబాసి భుజమెక్కి కూసున్న కార్డు
రెండేళ్ల ఎత్తు పెరిగింది.
డబ్బా మూత పడలేదు.
"పడకపాయె" అన్నది బాలామణి,
"మా కాంటాకు తలుపే లేదు."

స్విచ్ ఏసిన.
ఎవరు నమ్మినా నమ్మకపోయినా ఒక సంగతి:
స్లాటు ఎంత కొత్తదైనా
మొదటి పలకరింపు నెమ్మదిగనే.
ఎదుటిది ఉరుకుతనంటేనే ఉరుకుతది,
లేకుంటే ఆ నడకలనే ఉండిపోతది,
విసుక్కోదు.
దీన్ని నేను కస్టమర్లకు చెప్పను.
రాత్రి షట్టర్ దించేటప్పుడు గుర్తొస్తది, అంతే.

గీతలు పడ్డ డ్రైవర్ సీడీ
ఏడోపాలికి తిరిగింది.

తెల్లారి కాటేదాన్ల ఒక్క లారీ లేదు.
తొమ్మిది దినాలు మూతబడ్డ కాంటాకు
ఎవరొస్తరు పొద్దున్నే?
బాలామణి చెప్పులిడిచి
వానకు తడిసిన ఇనుప పలక నడుమ నిలబడ్డది,
పద్దెనిమిది చక్రాలు పట్టే జాగల
రెండు పాదాలు.
"మొన్ననే దవాఖానల తూచిండ్రు, అరవై నాలుగు.
ఏం చూపిస్తుంది?"

తెర మీద సున్నా.
నా గుండె ఉస్తాద్ పొగ దాక పోయొచ్చింది.
ఎర్ర అంకెలు కొంచెం వణికి
నిలబడ్డయి.

"అరవై."

"నాలుగేడ పోయినయ్?"
"నీ కాంటాకు పదులే తెలుసక్కా.
మొదటి దినం నుంచి అంతే."
నడుం మీద చెయ్యేసుకుని పెద్దగ నవ్వింది.
అంకె మాత్రం కదలలేదు.
ఆ నాలుగు కిలోలు
పాత కార్డు ఎన్నడూ చెప్పలేదు,
కొత్త బోర్డు అడగలేదు.